నటుడు కృష్ణంరాజు

హైదరాబాదు నగరమునుండి పడమటగా చేవెళ్ళకు పోవు బాట చాల పాతది. దాని ఇరుప్రక్కల సుమారు 900 మర్రిచెట్లు పెరిగినవి. పలుచోట్ల వాని కొమ్మలు ఒకదానితో నొకటి కలిసి బాటపై పందిరి వేసినట్లుండును. వేసవిలో మిట్టమధ్యాహ్నము ఆ దారిని నడచినవారికే ఆ నీడ విలువ తెలియును. బాటను వెడల్పు చేయవలెనా, చెట్లను కాపాడవలెనా అను వివాదము చాలకాలము సాగినది. ఆ బాటమీద మొదట మొయినాబాదు వచ్చును. దానిని దాటిన తరువాత చేవెళ్ళ వచ్చును. ఎర్రనేలలు, కూరగాయల మళ్ళు, పూలతోటలు ఈ సీమకు అందము. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము అను రెండు జలాశయములకు నీరు చేరు ప్రాంతమగుటచే, ఇచ్చటి పెక్కు గ్రామములలో పెద్ద కట్టడములు లేవకుండ 1996లో ప్రభుత్వము కట్టుబాటు చేసెను. అందువలన మహానగరమునకు ఇంత చేరువలో ఉండియు ఈ పల్లెలు తమ పల్లెతనమును పూర్తిగా విడువలేదు.

మొయినాబాదు మండలములో కనకమామిడి అను గ్రామము కలదు. 2022వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీ సోమవారమునాడు ఆ ఊరికి జనము విశేషముగా వచ్చిరి. తెలుగు చలనచిత్రములలో అయిదు దశాబ్దములకు పైగా నటించిన ఉప్పలపాటి వెంకట కృష్ణంరాజుకు ఆనాడు అక్కడి ఆయన వ్యవసాయక్షేత్రములో తెలంగాణ ప్రభుత్వము అధికార లాంఛనములతో అంత్యక్రియలు జరిపించెను. అంతకుముందటి రోజు, ఆదివారము తెల్లవారుజామున, ఆయన హైదరాబాదులో కన్నుమూసెను. అప్పటికి ఆయనకు 82 ఏండ్లు నిండినవి. ఆయనకు కుమార్తెలే గాని కుమారులు లేరు. తమ్ముని పెద్దకుమారుడు కర్మకాండ నిర్వహించెను.

గోదావరి డెల్టాలో పుట్టినవాడు. చేవెళ్ళబాట ప్రక్కనున్న మెట్టనేలలో తుదివిశ్రాంతి పొందెను. ఈ రెండు ఊళ్ళ నడుమ ఆయన నడచిన దారి ఎట్టిదో తెలిసికొనుట మంచిది. ఏలయనగా, ‘రెబల్ స్టార్’ అను బిరుదు వినగానే మనకు ఆయన కోపముతో గర్జించు మూర్తియే గుర్తునకు వచ్చును. ఆ బిరుదు ఆయనకు కీర్తి తెచ్చినమాట నిజమే. కాని అది ఆయనలోని నటుని సగము కప్పివేసినదని నాకు తోచును.

కృష్ణంరాజు 1940వ సంవత్సరము జనవరి 20వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో జన్మించెను. అది రాజుల కుటుంబములకు పేరుపొందిన ఊరు. చదువు ముగిసిన పిదప ఆయన కొంతకాలము పత్రికలో పనిచేసెను. ఛాయాచిత్రములు తీయుటలో ఆయనకు మిక్కిలి మక్కువ. కెమెరా వెనుక నిలిచి మనుష్యుల ముఖములను పరిశీలించిన అలవాటు, తరువాత కెమెరా ముందు నిలిచినపుడు ఆయనకు అక్కరకు వచ్చియుండవచ్చును.

ఆ రోజులలో తెలుగు చిత్రములు ఎక్కువగా మద్రాసులో తయారగుచుండెను. 1966లో కె. ప్రత్యగాత్మ దర్శకత్వమున వచ్చిన ‘చిలకా గోరింక’ చిత్రములో కృష్ణంరాజు కథానాయకుడుగా తొలిసారి తెరమీద కనబడెను. నాయిక కృష్ణకుమారి. నిలువెత్తు విగ్రహము, పెద్ద కన్నులు, గంభీరమైన గొంతు. నాయకునికి కావలసిన హంగులన్నియు ఆయనకు ఉండెను. అయినను ఆ తరువాత నాయక పాత్రలు ఆయన తలుపు తట్టలేదు. అప్పటికే ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఉన్నతస్థానములలో ఉండిరి. కొత్తగా వచ్చిన కృష్ణ, శోభన్‌బాబు వేగముగా ముందుకు వచ్చుచుండిరి.

ఇచ్చట ఆయనకు ఒక చిక్కు వచ్చెను. నాయక పాత్ర దొరకువరకు వేచియుండుట ఒక దారి. దొరికిన పాత్రను వేయుట రెండవ దారి. మొదటి దారిలో గౌరవము నిలుచును గాని పని ఉండదు. రెండవ దారిలో పని ఉండును గాని, ఒకసారి ప్రతినాయకుడుగా కనబడిన నటుని మరల నాయకుడుగా చూచుటకు ప్రేక్షకులును నిర్మాతలును వెనుకాడుదురు. ఆ ముద్ర అంత సులభముగా చెరగదు. ఆ ముద్రతోనే జీవితమంతయు గడపిన మంచి నటులు మన చిత్రసీమలో ఎందరో కలరు.

కృష్ణంరాజు రెండవ దారినే పట్టెను. 1967లో వచ్చిన ‘అవే కళ్ళు’ చిత్రములో కృష్ణ నాయకుడు, కృష్ణంరాజు ప్రతినాయకుడు. 1968లో ‘నేనంటే నేనే’లో కూడ అట్టి పాత్రయే. (ఆ ఇద్దరు నటులును 2022లోనే, రెండు నెలల వ్యవధిలో, లోకమును విడిచిరి. కృష్ణ మరణించినది నవంబరు 15న.) ఇట్లు ఎనిమిదేండ్ల కాలము ఆయన ప్రతినాయకుడుగను, అన్నగను, తమ్ముడుగను, నాయకునికి ప్రక్కన నిలుచువాడుగను పెక్కు పాత్రలు ధరించెను.

ఇట్టి పాత్రలు వేయువారిని క్యారెక్టరు నటులందురు. కథలో నాయకుడు నిలుచుటకు కొందరు మనుష్యులు చుట్టును నిలువవలెను. తండ్రి, అన్న, జమీందారు, న్యాయవాది, దొంగ, ఇంటి పెద్ద: వీరు లేనిచో నాయకుడు ఎవరితో మాటలాడును? ఎవరిమీద తిరుగబడును? చిత్తూరు నాగయ్య, ఎస్.వి. రంగారావు, గుమ్మడి వెంకటేశ్వరరావు వంటి మహానటులు ఈ పాత్రలతోనే తెలుగువారి ఇండ్లలో బంధువులైరి. ఈ పనిలో ఒక కష్టము కలదు. నాయకుని చూచుటకు ప్రేక్షకుడు ముందే సిద్ధపడి వచ్చును. క్యారెక్టరు నటుడు మాత్రము తాను తెరమీద ఉన్న కొద్ది నిమిషములలోనే ప్రేక్షకుని తనవైపు తిప్పుకొనవలెను.

కృష్ణంరాజు ఈ విద్యను ఎట్లు నేర్చెనో చూపుటకు రెండు చిత్రములు చాలును. మొదటిది 1971లో వచ్చిన ‘బంగారు తల్లి’. ఇది 1957 నాటి ‘మదర్ ఇండియా’ అను హిందీ చిత్రమునకు తెలుగు రూపము. తల్లిగా జమున, పెద్దకొడుకుగా శోభన్‌బాబు, చిన్నకొడుకుగా కృష్ణంరాజు నటించిరి. వడ్డీవ్యాపారి తన కుటుంబమునకు చేసిన అన్యాయమును సహింపలేక ఆ చిన్నకొడుకు పెడదారి పట్టును. అతడు చెడ్డవాడని కథ చెప్పును. అతని కోపము న్యాయమైనదని మనసు చెప్పును. ఈ రెంటినడుమ ప్రేక్షకుని నలుగునట్లు చేయుటయే ఆ పాత్రలోని కిటుకు. తరువాత లోకము ఏ తిరుగుబాటును చూచి ఆయనకు బిరుదు ఇచ్చెనో, దాని విత్తనము ఇచ్చట కలదు.

రెండవది 1973లో వచ్చిన ‘జీవన తరంగాలు’. యద్దనపూడి సులోచనారాణి నవల దీనికి ఆధారము. తాతినేని రామారావు దర్శకుడు. శోభన్‌బాబు నాయకుడు, వాణిశ్రీ నాయిక. కృష్ణంరాజుది దారితప్పిన కొడుకు పాత్ర. ఈ చిత్రములో ఒక ఘట్టము కలదు. పోలీసులు వెంబడించుచుండగా అతడు పరుగెత్తుచు వచ్చి, ఎదురైన ఒక శవయాత్రలో కలిసిపోవును. తన్ను ఎవరును గుర్తింపకుండుటకై పాడెకు భుజము పట్టును. ఆ పాడెమీద ఉన్నది అతని కన్నతల్లి. ఆ సంగతి అతడు ఎరుగడు. చూచుచున్న మనము ఎరుగుదుము. నేపథ్యమున ఆత్రేయ రచించిన పాటను ఘంటసాల పాడుచుండును.

ఈ ఘట్టములో నటునికి మాటలు లేవు. తల్లి అని ఎరిగియుండినచో ఏడ్చుట సులభము; ఏడ్చుట నటునికి తెలిసిన పనియే. ఎరుగనివాడు ఏడ్వరాదు. పోలీసుల భయము ముఖమున ఉండవలెను. మోయుచున్న భారము భుజమున ఉండవలెను. అంతకుమించి ఏమియు తెలిసినట్లు కనబడరాదు. చూచువారికి గుండె చెరువగుటకు కారణము ఆ తెలియనితనమే. నటుడు ఏ మాత్రము ముందుగా దుఃఖించినను ఆ దృశ్యము చెడియుండెడిది. పెద్ద పెద్ద సంభాషణలతో థియేటర్లను దద్దరిల్లజేసిన ఆయన తరువాతి చిత్రములకన్న, మాటలేని ఈ నడకనే నేను గొప్పగా ఎంతును. కనకమామిడిలో ఆయన అంతిమయాత్రను చూచిన వయోవృద్ధులలో కొందరికైనను ఆ దృశ్యము జ్ఞప్తికి వచ్చియుండవచ్చును.

అయినను ఆయన మనసులోని కోరిక చల్లారలేదు. ఇతరులు నాయక పాత్ర ఇచ్చువరకు ఎదురుచూచుటకు మారుగా, ఆయన తానే నిర్మాత అయ్యెను. ‘గోపీకృష్ణా మూవీస్’ అను సంస్థను స్థాపించి 1974లో ‘కృష్ణవేణి’ అను చిత్రమును తీసెను. ఇందు ఒక విశేషము గమనింపదగినది. సొంత డబ్బు పెట్టి నాయకుడు కాదలచినవాడు సాధారణముగా తన్ను ఆకాశమునకు ఎత్తు కథను ఎన్నుకొనును. ఆయన ఎన్నుకొన్నది నాయిక కథను. మనోవ్యాధికి లోనై, కోలుకొని ఇంటికి వచ్చిన ఇల్లాలిని లోకము అనుమానపు కంటితో చూచుట ‘కృష్ణవేణి’ కథ. అది పుట్టణ్ణ కణగాల్ తీసిన ‘శరపంజర’ అను కన్నడ చిత్రమునకు అనుసరణము. పేరు నాయికది, భారము వాణిశ్రీది. భర్త పాత్ర నిర్మాతది. క్యారెక్టరు నటుడుగా గడపిన ఏండ్లు ఆయనకు నేర్పిన పాఠమిదియే కావచ్చును: కథ నిలిచినచో అందులోని వారందరును నిలుతురు.

1976లో ఆయన ‘భక్త కన్నప్ప’ను నిర్మించెను. బాపు దర్శకుడు, ముళ్ళపూడి వెంకటరమణ రచయిత. కన్నప్ప కథ మీరు వినియే యుందురు. తిన్నడను వేటగాడు శ్రీకాళహస్తిలోని శివలింగమును తనకు తెలిసిన పద్ధతిలో పూజించెను. పుక్కిటిలోని నీటితో అభిషేకము, వేటాడిన మాంసముతో నైవేద్యము. ఒకనాడు శివుని కంటినుండి నెత్తురు కారుట చూచి, తన కన్ను పెకలించి అచ్చట పెట్టెను. రెండవ కంటినుండియు నెత్తురు కారసాగెను. తన రెండవ కన్నును కూడ తీసినచో చోటు కనబడదు గదా! కావున గుర్తు కొరకు తన కాలి బొటనవ్రేలిని దేవుని కంటిపై మోపెను. తమిళమున సేక్కిళారు రచించిన ‘పెరియపురాణము’లో ఈ కథ కలదు; తెలుగున ధూర్జటి దీనిని ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము’లో వర్ణించెను.

ఈ పాత్ర చాల కఠినమైనది. దేవునిమీద కాలు మోపినవాని చూచి ప్రేక్షకులు చేతులు జోడింపవలెను. అందులో అహంకారపు ఛాయ ఒక్కటి కనబడినను భక్తి అపహాస్యమగును. ఎనిమిదేండ్లు ప్రతినాయకుడుగా కనబడిన ముఖమును జనము భక్తుని ముఖముగా అంగీకరింతురా అను సందేహము అప్పుడు ఎవరికైనను కలుగుట సహజము. జనము అంగీకరించిరి. తిన్నని మొరటుతనమును ఆయన దాచలేదు. ఆ మొరటుతనమునుండియే భక్తి పుట్టినట్లు చూపెను. ఈ చిత్రమునకు శబ్దగ్రహణములో జాతీయ బహుమానము కూడ వచ్చెను.

1977లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున ‘అమరదీపము’ వచ్చెను. తమ్ముని సుఖము కొరకు తన ప్రేమను వదలుకొను అన్నగా ఆయన అందు నటించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉత్తమ నటునికి నంది బహుమానము ఇచ్చుట మొదలిడెను. ఆ మొదటి బహుమానమును అందుకొన్నవాడు కృష్ణంరాజు. 1966లో నాయకుడుగా వచ్చి, నాయకస్థానము దక్కక ప్రక్కకు నిలిచినవానికి పదునొకండేండ్లకు లభించిన గౌరవమిది. మరుసటి ఏడు బాపు తీసిన ‘మనవూరి పాండవులు’లో అయిదుగురు యువకులకు దారి చూపు కృష్ణునివంటి పాత్రను ధరించెను. ఆ అయిదుగురిలో ఒకడు అప్పుడే చిత్రరంగమున అడుగు పెట్టుచున్న చిరంజీవి.

ఆ తరువాత పదేండ్లు ఆయనకు వెలుగు కాలము. ‘కటకటాల రుద్రయ్య’, ‘రంగూన్ రౌడీ’ మొదలగు చిత్రములతో రౌద్రము ఆయనకు ఇంటిపేరైనది. ఉన్నమాట చెప్పవలెనన్నచో, వీనిలో కొన్ని చిత్రములు ఒకే అచ్చున పోసినట్లుండును. గర్జన కథను మించి వినబడును. అయినను 1984లో వచ్చిన ‘బొబ్బిలి బ్రహ్మన్న’ను ఆ గుంపులో చేర్చరాదు. ఊరికి తీర్పు చెప్పు పెద్దగాను, అతని తమ్ముడుగాను ఆయన రెండు పాత్రలు ధరించెను. దీనికి మరల నంది బహుమానము లభించెను. ఈ చిత్రమును 1986లో ‘ధర్మ్ అధికారి’ అను పేర హిందీలో తీసినపుడు, ఇచ్చట ఒక్కడు వేసిన రెండు పాత్రలను అచ్చట ఇద్దరు వేసిరి. అన్న పాత్ర దిలీప్‌కుమార్‌ది, తమ్ముని పాత్ర జితేంద్రది.

1986లోనే దాసరి నారాయణరావు దర్శకత్వమున ‘తాండ్ర పాపారాయుడు’ వచ్చెను. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధము మీరు చరిత్రలో చదివియుందురు. ఆ యుద్ధములో బొబ్బిలి కోట నేలమట్టమైన పిదప విజయనగర ప్రభువు విజయరామరాజును వధించి పగదీర్చుకొన్నవాడు పాపారాయుడు. 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రములో ఈ పాత్రను ఎస్.వి. రంగారావు ధరించెను. అందు పాపారాయుడు నాయకుడు కాడు. ఇరువది రెండేండ్లకు అదే పాపారాయుడు నాయకుడైనాడు. చరిత్రలోని వీరుడు మారలేదు. కథ చెప్పువాడు నిలిచిన చోటు మారినది. రంగారావు వేసిన పాత్రను మరల ధరించుటకు ధైర్యము కావలెను. ఫిలింఫేర్ వారి ఉత్తమ నట పురస్కారము కృష్ణంరాజుకు దీనివలన లభించెను.

తరువాత ఆయన రాజకీయములలో ప్రవేశించెను. 1991 ఎన్నికలలో నరసాపురమునుండి పోటీచేసి ఓడిపోయెను. 1998లో కాకినాడనుండియు, 1999లో నరసాపురమునుండియు లోకసభకు ఎన్నికయ్యెను. అటల్ బిహారీ వాజపేయి మంత్రివర్గములో విదేశాంగము, రక్షణ, గ్రామీణాభివృద్ధి మొదలగు శాఖలలో సహాయమంత్రిగా పనిచేసెను. 2009లో రాజమండ్రినుండి పోటీచేసి గెలువలేదు.

వయసు మీరిన నాయకునికి మరియొక పరీక్ష కాచుకొనియుండును. తల నెరసిన తరువాత కూడ పడుచు పాత్రలకే పట్టుబట్టువారు కొందరు. ఇంట కూర్చుండువారు కొందరు. కృష్ణంరాజు తాను బయలుదేరిన చోటికే, అనగా నాయకుని ప్రక్క స్థానమునకే, మరల వచ్చెను. ఇప్పుడు ఆ నాయకుడు పెక్కుమారులు తన తమ్ముడు సూర్యనారాయణరాజు కుమారుడు ప్రభాసే. ‘బిల్లా’ (2009), ‘రెబల్’ (2012) చిత్రములలో పెదతండ్రియు కొడుకును కలిసి నటించిరి. రెండవ చిత్రము పేరు పెదతండ్రి బిరుదే గదా! 2015లో గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’లో కృష్ణంరాజు కాకతీయ గణపతిదేవుడుగా కనబడెను. ఆడుబిడ్డను మగబిడ్డగా లోకమునకు చూపి, సింహాసనము నిలుపదలచిన తండ్రి పాత్ర అది. పూర్వపు రౌద్రము అందు లేదు. రహస్యమును మోయుచున్న ముసలిరాజు అలసట కలదు. ‘జీవన తరంగాలు’లో పాడె మోసినవానికి మోయుట తెలిసిన విద్యయే.

ఆయన చివరి చిత్రము ‘రాధేశ్యామ్’. అందు ఆయన హస్తసాముద్రికము తెలిసిన పరమహంస అను గురువు, ప్రభాస్ శిష్యుడు. అరచేతిలోని గీతలు మనుష్యుని ఆయుర్దాయమును నిర్ణయించునా అనునది ఆ కథలోని చర్చ. ఆ చిత్రము 2022 మార్చి 11న విడుదలయ్యెను. సరిగా ఆరు నెలలకు, సెప్టెంబరు 11న, ఆ గురువు వేషము వేసినవాడు వెళ్ళిపోయెను. ఆయన నటించిన చిత్రములు 180కి పైగా ఉన్నవి.

ఆ సంవత్సరము తెలుగు చిత్రసీమకు కష్టకాలము. సెప్టెంబరులో కృష్ణంరాజు, నవంబరులో కృష్ణ, డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ, ఆ మరునాడే చలపతిరావు మరణించిరి. 2023 జనవరిలో ‘బంగారు తల్లి’లోని తల్లి, జమున, కన్నుమూసెను. సత్యనారాయణ, చలపతిరావు తుదివరకు క్యారెక్టరు నటులుగానే ప్రసిద్ధులు. కృష్ణంరాజు నాయకులలో లెక్కింపబడెను. కాని ఆయన నటజీవితపు రెండు కొసలను పట్టి చూచినచో, ఆయన ఎక్కువ నేర్చినదియు, ఎక్కువ నెమ్మదిగా నిలిచినదియు వారి వరుసలోనే.

అంత్యక్రియలు ముగిసిన పదునేడు దినములకు, సెప్టెంబరు 29న, మొగల్తూరులో సంస్మరణ సభ జరిగెను. ప్రభాస్ తన అన్నదమ్ములతోను, పెదతల్లితోను ఆ ఊరికి వెళ్ళెను. చుట్టుప్రక్కల ఊళ్ళనుండి జనము వేలకొలది వచ్చిరి. వచ్చినవారికందరికిని భోజనము చేసి పొమ్మని కుటుంబమువారు వేడుకొనిరి. ఇంటికి వచ్చినవారిని కడుపునిండ తినిపించి పంపుట కృష్ణంరాజుకు జీవితమంతయు అలవాటు. దానికి ఆయన చిత్రసీమలో పేరు పడినవాడు. కాలువలును కొబ్బరిచెట్లును గల ఆ డెల్టా ఊరిలో ఆనాడు పొద్దుపోవువరకు పంక్తులు లేచుచునే యుండెను. ఆయన మాత్రము మర్రిచెట్ల బాట ప్రక్కనున్న కనకమామిడిలో, తన పొలములోనే ఉండిపోయెను.